సీతంపేట కొండలకి ఒక్కరోజు: పిల్లలకి అడవిలో పని ఎలా చూపించాలి?

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం టౌను. అబ్బాయి ఏడో తరగతి, పాప మూడో తరగతి. సంక్రాంతి హడావుడి అయ్యాక ఒక ఆదివారమో, సెలవు పెట్టి మామూలు రోజో, సీతంపేట కొండల వైపు ఒక్కరోజు వెళ్ళి రావాలని ఉంది. జలపాతం, వ్యూపాయింట్, నాలుగు ఫొటోలు అయితే మిమ్మల్ని అడగక్కర్లేదు, అవి ఎవరైనా చెప్తారు. నాకు కావలసింది వేరే. మా ఇంట్లో కొండచీపురు, చింతపండు, పసుపు, శుభకార్యాల్లో వేసే అడ్డాకు విస్తర్లు, వేసవిలో జీడిపిక్కలు, వీటిలో చాలావరకు ఆ కొండల మీంచి దిగినవే. వాటిని ఎవరు కోస్తారు, ఎలా కోస్తారు, ఎంత కష్టం ఉంది అన్నది పిల్లలకి అస్సలు తెలీదు. అడవి అంటే వాళ్ళకి పులి, జింక, బోర్డు మీద "ప్రవేశం లేదు", అంతే. మనుషులు తరతరాలుగా పని చేసుకుంటూ బతుకుతున్న చోటు కూడా అడవే అని వాళ్ళకి కళ్ళారా చూపించాలని నా కోరిక.

మా అమ్మ కూడా వస్తానంటోంది, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేరు. ఏ నెల మంచిది, ఎటు నుంచి వెళ్ళాలి, ఏనుగుల టెన్షన్ ఎంతవరకు నిజం, అన్నిటికన్నా ముఖ్యంగా, కొండ మీది గిరిజన గూడల్లోకి మనం అలా వెళ్ళిపోవచ్చా, వాళ్ళకి ఇబ్బంది కాదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలకొండ బస్సు:
మంచి ఆలోచనండి. నేను ఉద్యోగం మీద ఆ దారిన తిరిగేవాణ్ణి కాబట్టి తెలిసింది చెప్తాను.

దారి సులువే. ఆమదాలవలస మీదుగా పాలకొండ, అక్కణ్ణుంచి సీతంపేట. కారులో అయితే ఎక్కడా ఆగకపోతే రెండు గంటల్లోపే. విజయనగరం నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, చీపురుపల్లి, రాజాం, పాలకొండ దారి పట్టుకోండి. బస్సులో వెళ్ళినా పాలకొండలో మారితే సరిపోతుంది, కాకపోతే సీతంపేట దాటాక గూడల వైపు మీకు బండి కావాలి, అమ్మగారు కూడా వస్తున్నారు కాబట్టి కారే నయం. ఇంకో మాట, ఇప్పుడు అది శ్రీకాకుళం జిల్లా కాదు, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. మనకి నోట్లో మాత్రం ఇంకా శ్రీకాకుళం ఏజెన్సీయే.

నెల సంగతికొస్తే, మీరనుకున్న టైం చాలా బాగుంది. సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా కొండ మీద చేతినిండా పని ఉంటుంది. కొండచీపురు కోత, పసుపు తవ్వి ఉడకబెట్టి ఎండబెట్టడం, ఆ వెనకే చింతపండు మొదలు. జీడిపిక్కలు మార్చి నుంచి. అనాస చూడాలంటే జూన్, జులైలో రావాలి, అప్పుడు సీతంపేట రోడ్డు పక్కన అనాస పోగులే పోగులు. సీతాఫలాలు దసరా, దీపావళి రోజుల్లో. అందుకని ఒక్కసారి వెళ్ళి అంతా చూసేద్దాం అనుకోకండి, ఒక్కో కాలంలో ఒక్కో పని.

తప్పనిసరిగా చూడాల్సింది వారపు సంత. అది పడే రోజు ముందే కనుక్కుని సెలవు ఆ రోజుకే పెట్టండి. పొద్దున్నే చేరుకోవాలి, ఎనిమిదింటికే కొండ మీంచి కావిళ్ళు దిగుతుంటాయి. కావిడికి రెండు వైపులా బరువు సమానంగా కట్టి, ఊగకుండా ఆ మెట్ట దారిలో దిగి రావడం మీ అబ్బాయికి చూపించండి, బడిలో ఏ బొమ్మలోనూ అంత అర్థం కాదు. పదకొండు దాటితే సగం సరుకు షావుకార్ల చేతుల్లోకి వెళ్ళిపోతుంది, ఇక మీకు కనపడేది ప్లాస్టిక్ బకెట్లు, చవక బట్టలు.

ఏనుగుల మాట నిజమే. ఒడిశాలోని లఖారీ అభయారణ్యం వైపు నుంచి వచ్చిన గుంపు కొన్నేళ్ళుగా మన్యం జిల్లాలో తిరుగుతోంది, పంటలు తొక్కింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. కాబట్టి బయల్దేరే ముందు రోజు అటవీ శాఖ వాళ్ళనో, సీతంపేటలో తెలిసినవాళ్ళనో గుంపు ఎటుందో అడగండి. సాయంత్రం నాలుగున్నరకి కొండ దిగే దారిలో ఉండాలి, చీకటి పడ్డాక ఘాట్‌లో తిరగొద్దు. పిల్లలకి నిండు చేతుల చొక్కాలు వేయండి, దోమలకి.

విజయనగరం కోట:
ఇంత కష్టం ఎందుకండీ, రైలెక్కి అరకు వెళ్ళిపోండి. బొర్రా గుహలు, కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం, అన్నీ ఒకే రోజు అయిపోతాయి, పెద్దావిడకీ సుఖం. సీతంపేటలో హోటళ్ళు కూడా అంతంతే.

నాగావళి గట్టు:
అరకు చూశామండీ, పిల్లలకి బాగా నచ్చింది. కానీ అక్కడ మ్యూజియంలో బొమ్మలు చూసి వచ్చారు, పని చేసే మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. ఈసారి మన పక్కనే ఉన్న కొండలు చూడాలని. సంత సంగతి చెప్పినందుకు పాలకొండ బస్సు గారికి చాలా థాంక్స్, ఆదివారం ఆలోచన మానేసి సంత రోజే పెట్టుకుంటాం.

మాస్టారు_రిటైర్డ్:
అమ్మా, మీ ప్రశ్న చూసి సంతోషం వేసింది. నేను ఆ ఏజెన్సీ బడుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. పిల్లల్ని తీసుకెళ్ళే ముందు వాళ్ళకి రెండు మూడు విషయాలు ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే కొండ మీద చెట్లు, బోడి జాగాలు మాత్రమే కనబడి "ఇదేటి, అడవి నరికేశారు" అనుకుంటారు.

నాగావళికీ వంశధారకీ మధ్యనున్న ఆ కొండలు సవరలనే గిరిజనులవి. వాళ్ళది పోడు. ఎండాకాలంలో వాలు మీద తుప్పలు కొట్టి, ఎండాక కాల్చి, తొలకరికి ఆ బూడిదలో చోళ్ళు (రాగులు), సామలు, జొన్న, కంది కలిపి వేస్తారు. ఒకటి పోతే ఒకటి దక్కుతుంది, అదీ లెక్క. రెండు మూడేళ్ళు పండించి ఆ భూమి చెక్కని వదిలేస్తే మళ్ళీ తుప్ప లేస్తుంది, ఇంకో చెక్కకి వెళ్తారు. జాగా చాలినంత కాలం ఇది నడిచింది. జాగా తగ్గి, తిరిగి వచ్చే గడువు తగ్గేసరికి నేల అలిసిపోయింది, అందుకే ఇప్పుడు చాలా పోడు వాలుల్లో జీడిమామిడి, అనాస, పసుపు కనిపిస్తాయి. ఇక వాగు పారే చోట సవరలు కట్టే మెట్ల పొలాలు చూడకుండా రావద్దు. సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చి గట్టు కడతారు, పై మడి నిండాక నీరు కింద మడిలోకి దిగుతుంది, గట్టు కోసుకుపోదు. ఇంజనీరింగ్ చదివిన మా మేనల్లుణ్ణి తీసుకెళ్తే వాడు ఆ గట్ల దగ్గర్నుంచి కదల్లేదు.

రెండోది, ఆ అడవి ఎవరిది అన్న గొడవ. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక సర్కారు రిజర్వు గీతలు గీసింది, జమీందారీల కింద ఉన్న కొండల్లో 1948లో ఎస్టేట్ల రద్దు దాకా జమీందారు మాటే చట్టం. నిన్నటిదాకా తన తాత కట్టెలు తెచ్చుకున్న చోట మనవడు దొంగ అయ్యాడు. గార్డుకి మామూలు, షావుకారుకి అప్పు కింద పంట, భూస్వామికి వెట్టి. ఈ మూడూ కలిసే మన శ్రీకాకుళం ఏజెన్సీలో ఆనాటి గిరిజన ఉద్యమం పుట్టింది. దాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత జరిగిన హింస మీద ఎవరి అభిప్రాయం వారిది, కానీ గిరిజనేతరులకి ఏజెన్సీ భూమి బదిలీ కాకుండా బిగించిన 1970 నాటి 1/70 చట్టం, 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం, ఇవి ఊరికే రాలేదని మీ అబ్బాయికి తెలియాలి. ఏడో తరగతి పిల్లాడికి ఇది అర్థమవుతుంది, మనం చెప్పే తీరులో ఉంది.

మూడోది సంతోషంగా చెప్పుకునేది. మన గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పనిచేస్తూ, సవరలు మాట్లాడే భాష నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసి, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పాఠాలు చెప్పించారు. తెలుగు వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటమే అందరికీ తెలుసు, కొండ మీద చేసింది తెలిసినవాళ్ళు తక్కువ. వచ్చేటప్పుడు వచ్చిన దారినే రాకుండా కొత్తూరు, హిరమండలం మీదుగా దిగి శ్రీముఖలింగం చూసి రండి. అక్కడి మధుకేశ్వరుడు ఇప్పచెట్టు మొదట్లో సవరలకి వెలిశాడని స్థలపురాణం. తూర్పు గాంగుల నాటి గుడి, మీ అమ్మగారు గుళ్ళో కూర్చుంటే ఆవిడకీ తృప్తి, మీకూ తృప్తి.

కొండదారి:
మాది సీతంపేట మండలంలో ఒక గూడ. మేం సవరలం. ఇప్పుడు విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. మాస్టారూ, మీరు చెప్పింది మా ఇంట్లో వాళ్ళకి చదివి వినిపించాను.

అక్కా, మీరు అడిగిన ఆఖరి ప్రశ్నకి నేను చెప్తాను. రావచ్చు, కానీ ముందు మాట చెప్పుకుని రండి. గూడలోకి కారు నేరుగా తెచ్చి ఇళ్ళ మధ్య ఆపి, దిగీ దిగగానే ఫోన్లు ఎత్తితే మాకు ఎలా ఉంటుందో ఆలోచించండి. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా అడక్కుండా ఫొటో తీసుకున్నారు ఒకళ్ళు. అడిగితే మా అమ్మే చీర సర్దుకుని నవ్వుతూ కూర్చునేది. మా ఇళ్ళ గోడల మీద వేసే బొమ్మలు దేవతలకీ పెద్దలకీ మొక్కి వేసేవి, అలంకారం కాదు, ఇంటివాళ్ళు పిలిస్తేనే లోపలికి రండి, చెప్పులు బయట విప్పండి. పిల్లలకి చాక్లెట్లు, పది రూపాయల నోట్లు పంచొద్దు. దాని బదులు సీతంపేటలో అడిగి, గూడ కుర్రాణ్ణో అమ్మాయినో ఒకళ్ళని రోజంతా కూడా తీసుకెళ్ళండి, ఆ రోజు కూలికి తక్కువ కాకుండా ఇవ్వండి. దారి తప్పరు, ఏనుగు కబురు వాళ్ళకే ముందు తెలుస్తుంది, ఏ చెట్టు దేనికో వాళ్ళే చెప్తారు.

పని చూడాలన్నారు కదా. మీరు వచ్చే రోజులకి కొండచీపురు ఉంటుంది. ఆ గడ్డి రాళ్ళ వాలుల్లో కుదుళ్ళు కుదుళ్ళుగా పెరుగుతుంది. పూత ముదిరి నూగు రాలిపోకముందే కంకిని కాడతో సహా లాగాలి, కొంచెం ఆలస్యమైతే చీపురు బోడిది అవుతుంది, ఎవరూ కొనరు. ఆకు అంచు బ్లేడులా కోస్తుంది, మా అమ్మ అరచేతుల్లో ఆ గీతలు మార్చి దాకా మానవు. కోసినవి ఎండబెట్టి, రాతికి కొట్టి నూగు దులిపి, కట్ట కడతారు. కొత్త చీపురు ఇంట్లో దుమ్ము రాలుస్తుందని మీరంతా విసుక్కుంటారు చూడండి, అది దులిపాక కూడా మిగిలిన నూగు.

అడ్డాకు అయితే ఏడాదిలో చాలా రోజులు దొరుకుతుంది. అడ్డ తీగ పెద్ద చెట్లని చుట్టుకుని పైకి పోతుంది, ఆకు మధ్యలో చీలి రెండు రెక్కల్లా ఉంటుంది. ముదురు ఆకులే కోస్తారు, లేతవి వదిలేస్తారు, తీగ మొదలు ఎప్పుడూ నరకరు. ఎండాక సన్నటి వెదురు పుల్లలతో కుడతారు. మా నాన్నమ్మ పక్కన కూర్చుంటే మీ పాపకి కుట్టడం నేర్పించేస్తుంది, ఆవిడకి తెలుగు తక్కువ, అయినా పని భాషతో ఆగదు. తీగ బెరడుతో తాడు కూడా పేనుతారు, అది నీళ్ళలో నానినా చాలా కాలం ఉంటుంది.

సంతలో ఒక్క మాట. కుంచం లెక్కన చింతపండు అమ్ముతుంటే పది రూపాయల దగ్గర అరగంట బేరం ఆడకండి. చెట్టెక్కి దులిపి, ఎండబెట్టి, పెంకు కొట్టి, గింజ తీసి, మోసుకొచ్చి, ఇవన్నీ అయ్యాక ఆ ధర. షావుకారుల తూకంలో మోసాల నుంచి తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు, ఇప్పటికీ చింతపండు, తేనె, కుంకుడుకాయలు, కరక్కాయలు వాళ్ళూ కొంటారు, డీఆర్ డిపోలనే వాళ్ళ దుకాణాల్లో సరుకులూ ఇస్తారు. కానీ అన్నీ వాళ్ళకి చేరవు, అప్పు ఉన్నవాడు అప్పిచ్చినవాడికే పోయాలి. మీరు నేరుగా మా వాళ్ళ దగ్గర కొంటే ఆ డబ్బు ఇంటికి వస్తుంది.

మెట్టుగూడ జలపాతం దగ్గర పగిలిన సీసాలు ఉంటాయి, జనం తాగి పడేసి పోతున్నారు. పిల్లల్ని చెప్పులు లేకుండా నీళ్ళలోకి దింపకండి. ఆ నీళ్ళే కిందవాళ్ళు పశువులకి తాగిస్తారు.

ఉద్దానం కొబ్బరి:
చెల్లెమ్మ చాలా బాగా చెప్పింది. నాగావళి గట్టు గారూ, మీ అమ్మగారికి కొండ కష్టం అనిపిస్తే సముద్రతీరం వైపు మా ఉద్దానం కూడా ఆలోచించండి. ఇది రిజర్వు అడవి కాదు, మనుషులు నాటిన అడవి. కొబ్బరి, జీడి, పనస, మామిడి ఒకదాని నీడలో ఒకటి, లోపలికి వెళ్తే మధ్యాహ్నం కూడా ఎండ నేల మీద పడదు. చదునైన ఇసుక నేల, పెద్దవాళ్ళు నిదానంగా నడవొచ్చు. పలాసలో జీడిపప్పు ఎలా తీస్తారో చూపించండి. పిక్కలో కాల్చే నూనె ఉంటుంది, చేతికి తగిలితే చర్మం ఊడిపోతుంది, అందుకే వేయించో ఆవిరి పట్టో తర్వాతే పెంకు కొడతారు, కొట్టేవాళ్ళు చేతులకి బూడిదో నూనో రాసుకుంటారు. పప్పు చిట్లకుండా పెంకు పగలాలి, ఆ దెబ్బ ఎంత ఉండాలో చెయ్యికి తెలియాలి. ఈ పని చేసేవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో మా తోటల్ని పడగొట్టేసింది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, పడిన చోటే మళ్ళీ నాటాం. ఇప్పుడు వస్తే పాత చెట్ల మధ్య ఈడు తక్కువ మొక్కలు ఖాళీలు పూరిస్తూ కనబడతాయి. దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది, ఊళ్ళో చెట్ల మీదే గూడబాతులు, కొంగలు గూళ్ళు కడతాయి, చలికాలమే చూడాలి. ఆ ఊరివాళ్ళు చెట్లు కొట్టరు, పిట్టల్ని ఎవర్నీ కొట్టనివ్వరు.

విజయనగరం కోట:
నేను అరకు అన్నది సుఖం కోసం. ఇదంతా చదివాక మా పిల్లల్ని కూడా సంతకి తీసుకెళ్దామనిపిస్తోంది. ఒక సందేహం, పోడు కాల్చడం వల్ల అడవి పోవట్లేదా? తప్పుగా అనుకోకండి, తెలుసుకుందామనే.

మాస్టారు_రిటైర్డ్:
అడగవలసిన ప్రశ్నే బాబూ. వాలు మీద తరచూ కాలిస్తే మట్టి కొట్టుకుపోతుంది, అందులో సందేహం లేదు, ఆ విషయం సవర పెద్దలే ముందు చెప్తారు. అయితే ఆ కొండల మీద పోడు ఒక్కటే జరగలేదు. కలప కోసం పెద్ద చెట్లు లారీల్లో దిగాయి, రోడ్లు పడ్డాయి, జనాభా పెరిగింది. చింత, ఇప్ప, పనస, మామిడి చెట్లని మాత్రం పోడు కొట్టేటప్పుడు కూడా వదిలేస్తారు, నల్లటి బోడి వాలు మధ్యలో ఒంటరిగా నిలబడ్డ చింతచెట్టు కనిపిస్తే గమనించండి. తిండి పెట్టే చెట్టుని ఎవరూ కొట్టరు. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, అడవి నుంచి మనిషిని తీసేస్తే అడవి మిగులుతుందనుకోవడం తప్పు. వాడికి హక్కు పట్టా, సరైన ధర రెండూ ఉంటే కాపాడుకునేది వాడే.

నాగావళి గట్టు:
ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. మా ఆయనతో మాట్లాడాను. సంత రోజు తెల్లవారుజామున బయల్దేరి, సంత చూసుకుని, ఒక గూడకి ముందే కబురు పెట్టి వెళ్ళి, మధ్యాహ్నం కొత్తూరు మీదుగా దిగి ముఖలింగం. ఉద్దానం వేసవి సెలవుల్లో, జీడి టైంకి. కొండదారి, నువ్వు చెప్పిన పద్ధతులన్నీ పిల్లలకి చెప్పాను. భోజనం మాత్రం ఏం చేయాలో తెలీట్లేదు, కట్టుకుని రమ్మంటావా? అమ్మకి ఎక్కడైనా కూర్చోడానికి వీలుంటుందా?

కొండదారి:
కట్టుకోకండి అక్కా. ముందు రోజు చెప్తే గూడలో వండుతారు, తలకింత అని ఇచ్చేయండి. చోడంబలి, కందిపప్పు, ఆకుకూర, కావాలంటే నాటుకోడి. కారం మాత్రం పాపకి తక్కువ వేయమని చెప్పండి. అప్పటికి కందికొత్తల పండగ రోజులు తగిలితే ఇంకా మంచిది, కొత్త కందులు మొక్కకుండా ఎవరూ తినరు, ఆ రోజు డప్పులూ ఆటలూ ఉంటాయి, పండగ ఏ గూడలో ఎప్పుడో కనుక్కుని చెప్తాను. అమ్మగారికి మా ఇంటి అరుగు ఉంది, ఎత్తు తక్కువే, మంచం వేస్తాం. కారు గూడ మొదట్లో చింతచెట్టు దాకా వస్తుంది, అక్కణ్ణుంచి నాలుగడుగులు. నీళ్ళ సీసాలు మాత్రం ఎక్కువ పెట్టుకోండి, ఖాళీవి తిరిగి పట్టుకెళ్ళండి.